చూపుగట్టు మీద ఇరవై ఒక్క ఫ్రేములు

పనోరమా 61. ఆదివారం.
పొగ ఎత్తు: 610 మీటర్లు. ఫ్రేములు: 14. తెరిపి: 25 నిమిషాలు.

ఈ పుస్తకం నా చేతిలో పెట్టి, "కెమెరా బయటికెళ్ళిన ప్రతిసారీ రాయాలి గౌరీసూ, రాయకపోతే కెమెరా వెనక్కిచ్చీ" అంది స్టోరు తవిటమ్మ. కొండ మొత్తానికి పనిచేసే కెమెరాలు మూడే మిగిలాయి. ఆవిడ మాట వినక చస్తానా! అరవై సార్లు రాశాను. ఒక్కసారి తెరిచి చూసిన పాపాన పోలేదు ఆ మహాతల్లి.

సరే, రాయాల్సింది రాస్తాను. పొద్దున్నే వలలు దులిపాను. అది నా అసలు ఉద్యోగం. పొగలోని తడి వలలకి పడుతుంది, దాన్ని దులిపి ఫిల్టరు తొట్టిలోకి పంపాలి, ఊరంతా తాగేది ఆ నీళ్ళే. నలభై వలలు. నడుం విరిగిపోతుంది. ముప్పై ఆరో వల దగ్గరుండగా తెరిపిచ్చింది, పొగ కిందికి దిగడం మొదలైంది. గుడ్డ అక్కడే పడేసి పరిగెత్తాను. మిగతా నాలుగు వలలూ మా బామ్మర్ది జగ్గారావు దులిపి, ట్రైపాడ్ భుజాన వేసుకుని వెనకాలే వచ్చాడు.

ట్రైపాడ్ మీద కెమెరా తిరిగే పట్టా వాడు చేసిందే. కెమెరా తిరిగినప్పుడు లెన్స్ పక్కకి జరిగితే దగ్గరి బండలు ఒక ఫ్రేములో ఒకలా, ఇంకో ఫ్రేములో ఇంకోలా పడతాయి, తరవాత అతకవు. లెన్స్ ఉన్న చోటే ఉండి తిరగాలి. ఈ సంగతి నేను ఏడాది పాటు మొత్తుకున్నాను. వీడు ఒకరోజు కింద నుంచి పాత కుట్టుమిషను ఒకటి మోసుకొచ్చి, దాని ఇనప పట్టా కోసి, గంటలో తయారు చేసిచ్చాడు. ఆ రోజు నుంచీ నా చిత్రాల్లో అతుకు కనబడితే ఒట్టు.

తీస్తుంటే పక్కన నిలబడి నస మొదలెట్టాడు.

"ఏటి బావా, ఇన్ని ఫొటోలు తీస్తావు, ఒక్కదాన్లోనైనా నా మొహం ఉండదేటి?"

"నీ మొహం పడితే ఇంక కొండనెవడు చూస్తాడ్రా?"

"అంత అందంగా ఉంటానేటి?"

"అంత అసయ్యంగా ఉంటావు. పక్కకి జరుగు, నీ నీడ పడతంది."

నవ్వుకుంటూ జరిగాడు. మంగళవారం వాడు, పొగలోకి దిగి పాత సామాన్లు ఏరుకొచ్చే దిగుడు బృందంతో కిందికి వెళ్తున్నాడు, నేనేమో ఫొటోలకి కొండ పైనున్న చూపుగట్టుకి వెళ్తున్నాను. "నువ్వు పైన, నేను కింద. నాకేసి చెయ్యి ఊపు" అన్నాడు. నలభై కిలోమీటర్ల వెడల్పు చిత్రంలో నువ్వు చీమంత కూడా ఉండవురా అన్నాను.


ఆదివారం, సాయంత్రం.

భోజనాల హాలు గోడ మీద పద్నాలుగు ఫ్రేముల బొమ్మ వేశాం. ఇది కూడా రాయాలిట, కెమెరా పెట్టెలోంచి ప్రొజెక్టరు తీశాం కాబట్టి.

ప్రతి ఆదివారం ఇదే తంతు. మూడొందల మంది అన్నం కంచాలతో గోడ దగ్గరికి చేరతారు. పొగ కమ్మక ముందు కింద ఎవరి ఊరు ఎక్కడుండేదో వేళ్ళు పెట్టి చూపించుకుంటారు. ఇదుగో మా చేను, ఇదుగో మా బడి కప్పు, అదుగో మా మేనత్త వాళ్ళ వీధి. నా భార్య వరాలు మాత్రం గోడ దగ్గరికి రాదు. దూరంగా బల్ల మీద కూర్చుని అందరి మొహాలూ చూస్తుంది. ఎందుకే అంటే, "నాకు కొండల కంటే ఈళ్ళే బావుంటారు" అంటుంది.

నేను బొమ్మని శుభ్రం చేసే వేస్తాను. మొదట్లో అలా చేసేవాణ్ణి కాదు. ఒకసారి కరెంటు తీగల మీద ఏదో వేలాడుతూ ఉంటే అలాగే వేసేశాను. దగ్గరికెళ్ళి చూసిన ముసలాయన ఒకాయన వారం రోజులు అన్నం ముట్టలేదు. అప్పట్నుంచీ బొమ్మలో చెత్త ఉంచను. చిరిగిన టార్పాలిన్ పట్టాలు, ఎముకలు, కూలిన తీగలు, పక్షులు, పొరపాటున పడ్డ మనుషులు, అన్నీ చెరిపేస్తాను. చెరపడమంటే పక్కనున్న గోడో గడ్డో కాస్త తీసి దాని మీద కప్పడమే. సాఫ్ట్‌వేరు సగం చేస్తుంది, మిగతా సగం నా వేళ్ళు. ఎక్కడ కప్పానో నేనే కనిపెట్టలేను. ఈ విషయంలో నాకు పొగరే. ఉండనీ.


పనోరమా 63. బుధవారం. చూపుగట్టు.
పొగ ఎత్తు: 290 మీటర్లు. ఫ్రేములు: 21. తెరిపి: 50 నిమిషాలు.

(62 పాడైంది. లెన్స్ మీద తడి. వదిలెయ్యండి.)

నా జన్మలో ఇంత తెరిపి చూడలేదు! నిన్న తెల్లారి బయల్దేరితే సాయంత్రానికి చూపుగట్టు చేరాను. ఇక్కడ రేకుల గుడిసె, ఒక సోలారు పలక, ఒక బల్ల తప్ప ఏమీ ఉండవు. రేడియో లేదు. పొద్దున్న ఏడింటికి తలుపు తీస్తే పొగ కాళ్ళ కింద నుంచి జారిపోతోంది. మూడొందల మీటర్ల కంటే కిందికి దిగిపోయింది. ఏరు కనిపించింది. రైలు కట్ట కనిపించింది. ఏటి పక్కో నీళ్ళ ట్యాంకు, కట్ట పక్కో నీళ్ళ ట్యాంకు, రెండూ పొగలోంచి పైకి తేలాయి. ఒక్కణ్ణే ఉన్నాను కాబట్టి రాస్తున్నాను, ఏడ్చాను.

గబగబా ట్రైపాడ్ నిలబెట్టాను. పొడుగు లెన్స్ వేశాను. వెలుగు కొలత ఒకసారి బిగించి ఇంక ముట్టుకోలేదు, లేకపోతే ఒక ఫ్రేము తెల్లగా ఒకటి నల్లగా వస్తాయి. ఎడమ నుంచి కుడికి, ఒక్కో ఫ్రేము మూడో వంతు పక్క ఫ్రేము మీద పడేలా. ప్రతి చోటా రెండేసి సార్లు నొక్కాను, ఒకటి కదిలినా ఇంకోటి ఉంటుందని. ఇరవై ఒక్కటీ దొరికాయి.

మధ్యాహ్నం గుడిసెలో లాప్‌టాప్ మిషను మీద అతికించాను. ఒక్క అతుకూ జారలేదు. ముప్పై చోట్ల చెరిపే పని పడింది. పక్షులు, తీగలు, ఒక ట్యాంకు మీద నారింజ పట్టా ముక్క ఒకటి. సాయంత్రానికి అద్దంలా తయారైంది. రూలు ప్రకారం ఇరవై ఒక్క ఫ్రేముల అసలు ఫొటోలన్నీ కార్డు మీద నుంచి తుడిచేశాను. ఊళ్ళో మంచి కార్డు ఒక్కటే ఉంది మరి, పట్టుకుని కూర్చుంటే తరవాత తీసేవాడికి చోటుండదు.

ఆదివారం ఈ బొమ్మ గోడ మీద పడితే వరాలు కూడా లేచి దగ్గరికి వస్తుంది. చూడండి కావాలంటే.


గురువారం. సాయంత్రం.

ఊళ్ళోకి వచ్చేసరికి గేటు దగ్గర జనం. నా బొమ్మ కోసమేమో అనుకున్నాను, అంత వెధవని.

జగ్గడు రాలేదు. మంగళవారం ముగ్గురు దిగారు, ఇద్దరు వచ్చారు. పొగ ఒక్కసారిగా చిక్కబడి వాడు తప్పిపోయాడు. అరిచారు, ఈలలేశారు, మాస్కుల ఫిల్టర్లు అయిపోతుంటే తప్పక పైకెక్కారు. మళ్ళీ మళ్ళీ దిగి వెతకడానికి ఫిల్టర్లు చాలవు. స్టోర్లో నలుగురికి ఒక్క పూటకి సరిపడా మిగిలాయి. కొత్తవి వచ్చేది వచ్చే వారం. ఒక్కసారే దిగగలరు. ఏటి వైపు వెళ్ళాలో రైలు కట్ట వైపు వెళ్ళాలో తెలియక రెండు రోజులుగా కొట్టుకుంటున్నారు.

తవిటమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నిన్న పొగ దిగింది కదా గౌరీసూ? నువ్వు పైనే ఉన్నావు కదా? తీశావా?"

"తీశాను."

"అమ్మయ్య! వెయ్యి, వెయ్యి. గోడ మీద వెయ్యి."

వేశాను. ఏ గోడ పక్కనైనా, ఏ డాబా మీదనైనా మనిషి ఉన్నాడేమోనని మూడొందల మంది వెతికారు. వరాలు అందరికంటే ముందుంది. ముక్కు గోడకి ఆనించి, అడుగడుగూ జరుగుతూ ఏటి ఒడ్డు నుంచి రైలు కట్ట దాకా వెళ్ళి, మళ్ళీ మొదటికొచ్చింది.

"ఎంత శుభ్రంగా ఉంది. ఒక్క పురుగు కూడా లేదు" అన్నాడు ఎవరో వెనక నుంచి. మెచ్చుకోలుగానే అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ట్యాంకు మీద నారింజ రంగు. దిగుడు వాళ్ళ కోటు నారింజ రంగే. మనదే కాదు, చుట్టుపక్కల కొండల వాళ్ళందరిదీ అదే కోటు.

చెప్పేశాను. ట్యాంకు మీద నారింజ పట్టా లాంటిదేదో ఉంటే చెరిపానని చెప్పాను. ఏ ట్యాంకు అన్నారు. ఏటి వైపుదా, కట్ట వైపుదా? తెలీదు. ముప్పై చోట్ల చెరిపాను, వరస గుర్తు లేదు. అసలు ఫొటోలు ఏవన్నారు. తుడిచేశానన్నాను. తవిటమ్మ కళ్ళు మూసుకుంది, ఎందుకంటే ఆ రూలు పెట్టింది ఆవిడే.

బ్యాటరీ అయిపోయింది. మిషను మళ్ళీ ఎండొస్తేనే లేస్తుంది. వరాలు గోడ దగ్గరే ఉండిపోయింది, బొమ్మ లేని గోడ దగ్గర.


శుక్రవారం. పొద్దున్న.

ఎండ పడగానే కూర్చున్నాను. చెరిపిన చోటు పట్టుకోవాలంటే ఒక్కటే దారి. పక్క ముక్క తీసి కప్పుతాను కాబట్టి అదే మరక, అదే పగులు పక్కపక్కనే రెండు సార్లు కనిపించాలి. నేను దొరకకుండా చేసిన పనిని నేనే పట్టుకోవాలి. ఏటి వైపు ట్యాంకు మీద ముప్పావు గంట గడిపాను. పాకుడు, తుప్పు, ఏదీ రెండు సార్లు లేదు. కట్ట వైపు ట్యాంకు మీద పైచుట్టు గోడకి తుప్పు చార ఒకటి ఉంది. దాని పక్కన బెత్తెడు దూరంలో అదే చార. అదే వంపు, కింద అదే తొర్ర. ఎంత బాగా కలిపానంటే మూడు సార్లు చూసి దాటి వెళ్ళిపోయాను.

ఇంకో పావుగంట ముందు దొరకనీయలేదు నా పనితనం.

"కట్ట వైపు!" అని అరిచాను. తొమ్మిదిన్నరకి నలుగురూ దిగారు.


శుక్రవారం. సాయంత్రం.

తీసుకొచ్చారు. పీల్చే గాలి లేక పొద్దున్నే పోయాడన్నారు వెళ్ళినవాళ్ళు. ఏ ఎనిమిదికో తొమ్మిదికో. ఒళ్ళు ఇంకా బిగుసుకోలేదట.

కాలి మడమ విరిగింది. అయినా నిచ్చెనెక్కి ట్యాంకు పైకి చేరాడు. పైన పొగ పల్చగా ఉంటుంది, కదలకుండా కూర్చుంటే ఒక్క ఫిల్టరు ఒకటిన్నర రోజు వస్తుంది. వాడి దగ్గర ఇంకోటి మాత్రమే ఉంది. లెక్క చూసుకునే కూర్చుని ఉంటాడు, పని తెలిసినవాడు.

కింద తిరిగేవాళ్ళకి ఒక పద్ధతి ఉంది. వెళ్ళిన ప్రతి చోటా గోడ మీద సుద్దతో పేరూ, రోజూ, ఎటు వెళ్తున్నదీ రాయాలి. ఎంత తొందరలో ఉన్నా రాస్తారు, అది వాళ్ళ ఒట్టు. వాడు ట్యాంకు పైన రాసింది బృందం వాళ్ళు కాగితం మీద దించుకొచ్చారు. తవిటమ్మ చదవలేక నాకిచ్చింది. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాస్తున్నాను:

జగ్గారావు. బుధవారం. పొగ దిగింది. గట్టు మీద బావ కెమెరా మెరిసింది. రెండు చేతులూ ఊపాను. బావ ఫొటో తీసుంటాడు. ఎక్కడికీ వెళ్ళను. ఇక్కడే ఉంటాను.

కింద గురువారం అని రాసి, ఇక్కడే ఉంటాను అని ఇంకోసారి రాశాడు.

అక్కడి నుంచి రైలు కట్ట మీద పాకుతూ వచ్చినా సగం ఫిల్టరుతో మన కొండ మెట్ల దాకా చేరేవాడేమో అంటున్నారు. చేరకపోయేవాడేమో. వాడు ప్రయత్నించలేదు. నా మీద నమ్మకంతో కూర్చున్నాడు. బుధవారం మధ్యాహ్నమే నేను గుడిసెలోంచి లేచి పరిగెత్తి ఉంటే అర్ధరాత్రికి ఊళ్ళో ఉండేవాణ్ణి, గురువారం తెల్లారి దిగేవాళ్ళు, వాణ్ణి మోసుకొచ్చేవాళ్ళు. దీన్ని ఎన్ని రకాలుగా తిప్పి చూసినా అక్కడికే వస్తోంది. వాణ్ణి పొగ చంపలేదు.

వరాలు కాగితం అడిగి తీసుకుంది. చదివింది. మడిచి జాకెట్టులో పెట్టుకుంది.


బుధవారం.

చిన్నదినం అయ్యేవరకూ వలలు కూడా ముట్టుకోలేదు. ఊళ్ళోవాళ్ళు నన్నేమీ అనడం లేదు. "నీకేం తెలుసు గౌరీసూ, పట్టా అనుకున్నావు" అంటున్నారు. అన్నం తెచ్చి పెడుతున్నారు.

ఇవాళ వరాలు మొదటిసారి నోరు విప్పింది. "ఆ గట్టు మీదికి నన్ను తీస్కెళ్ళు" అంది.

"ఎందుకే? రోజంతా ఎక్కాలి. నీ మోకాళ్ళు..."

"నా మోకాళ్ళ సంగతి నాకు తెలుసు. కెమెరా తీస్కో. ఆ పొడుగుది కూడా."

కెమెరా కోసం తవిటమ్మ దగ్గరికి వెళ్తే సంతకం కూడా పెట్టించుకోలేదు.


శనివారం. చూపుగట్టు.
పొగ ఎత్తు: 300 మీటర్లు. ఫ్రేములు: లేవు. తెరిపి: 15 నిమిషాలు.

నిన్నంతా పొగ దిగలేదు. గుడిసెలో ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. గంజి కాచింది. తినమంది. తిన్నాను. జగ్గడి గురించి అడుగుతుందేమో అని ఎదురుచూశాను, అడగలేదు. వాడు చిన్నప్పుడు మామిడి టెంకలు దాచుకునేవాడని మాత్రం ఒకసారి అంది, అది కూడా నాతో కాదు.

ఇవాళ ఏడున్నరకి తెరిపిచ్చింది. ఏరు, కట్ట, రెండు ట్యాంకులు. నేను ట్రైపాడ్ నిలబెట్టి, పొడుగు లెన్స్ వేసి, కట్ట వైపు ట్యాంకు మీద నిలిపి పక్కకి తప్పుకున్నాను. ఆవిడ కొంగుతో కన్ను తుడుచుకుని వంగి చూసింది.

"ఇదేనా?"

"అదే."

"పైన చువ్వలున్నాయి."

"ఊఁ."

"ఆరు చువ్వలు. ఒకటి వంగిపోయింది." కన్ను ఇంకా దగ్గరికి ఆనించింది. "గోడ మీద తెల్లగా గీతలు. సుద్ద. అచ్చరాలు తెలీడం లేదు గానీ సుద్దే."

నేను ట్రైపాడ్ కాలు కదలకుండా పట్టుకున్నాను.

"ఇంత బాగా అవుపిస్తాదా ఇందులో?"

"ఊఁ."

"నువ్వు సెరిపినప్పుడు కూడా ఇంత బాగా అవుపించిందా?"

ఎండ ఎదురుగా ఉందని చెప్పొచ్చు. దూరం వల్ల గాలి అలలు కొట్టిందని చెప్పొచ్చు. ఊరంతా పట్టా అనే నమ్మింది, ఆ మాట నేనే ఈ పుస్తకంలో రాశాను, అందరి ముందూ నేనే చెప్పాను. కానీ ఆవిడ అడుగుతున్నది ఊరి కోసం కాదు. తన తమ్ముడి కోసం అడుగుతోంది.

"ఇంకా బాగా కనిపించింది" అన్నాను. "బొమ్మని పెద్దది చేసుకునే చెరుపుతాను. రెండు సార్లు నొక్కాను కదా. ఒకదాంట్లో చేతులు పైకి ఉన్నాయి, ఇంకోదాంట్లో కిందికి ఉన్నాయి. కదిలిన వస్తువు అని మిషనే గుర్తు పెట్టి చూపించింది. పట్టా కాదు వరాలూ. మనిషని నాకు తెలుసు."

ఆవిడ కన్ను కెమెరాకి ఆనించే ఉంచింది.

"వాడని తెలీదు. నీ మీద ఒట్టు, వాడని తెలీదు. మాస్కు ఉంది, మొహం కనపడదు. ఎవడో పక్క కొండవాడు, ఇనుము ఏరుకోడానికి ఎక్కాడనుకున్నాను. బొమ్మ అంత బాగా వచ్చింది, మధ్యలో ఈ రంగు మచ్చేంట్రా అని విసుగొచ్చింది. చెరిపేశాను. పట్టా అని రాశాను."

ఇది చెప్పాక తిడుతుందనుకున్నాను. కొట్టినా బావుండును. ఏడుపు నాకే వచ్చింది, ఆవిడకి రాలేదు. పొగ అడుగున కదలడం మొదలైంది. ముందు ఏరు పోయింది. తరవాత కట్ట. ట్యాంకు కాళ్ళు మునిగాయి, చుట్టు గోడ మునిగింది. చువ్వలు కూడా పోయేదాకా ఆవిడ వంగే ఉంది.

అప్పుడు తలెత్తి నాకేసి చూసింది. ముప్పై ఏళ్ళ కాపరంలో నన్నెప్పుడూ అలా చూడలేదు, ఎవరో కొత్తవాణ్ణి చూసినట్టు చూసింది.

"పక్క కొండోడైతే మాత్రం?" అంది. "ఆడికి మాత్రం అక్క ఉండదేటి?"

ఆవిడ సంచి భుజాన వేసుకుని, మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుంటూ, ఒక్కో రాయీ చూసుకుంటూ దిగడం మొదలెట్టింది. చెయ్యి పట్టుకుందామని వెళ్తే, వద్దంది.